అరగంట ముందు: ఉపగ్రహం కంట ఉరుముల మబ్బు

(వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)

1958లో కోటేశ్వరం గారి పరిశోధన పత్రాలు రెండు వెలువడ్డాయి. ఒకటి స్వీడన్‌లో అచ్చయ్యే ‘టెల్లస్’ పత్రికలో వచ్చింది. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీదుగా, పద్నాలుగు పదహారు కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమరకు ఉరికే బలమైన గాలిపట్టీ గురించి అందులో రాశారు. ఆ తూర్పు జెట్ ప్రవాహంతోనే ఆయన పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది. రెండో పత్రం భారత వాతావరణ శాఖ పత్రికలో వచ్చింది, శ్రీనివాసన్‌తో కలిసి రాసింది. గాంగేయ పశ్చిమ బెంగాల్‌లో రుతుపవనాలకు ముందు విరుచుకుపడే ఉరుముల గాలివానలు దాని విషయం. మొదటిదానికి దక్కిన పేరు దీనికి దక్కలేదు. ఈ ఉపన్యాసం మాత్రం దాని దగ్గరే మొదలవుతుంది.

బెంగాలీలు కాలబైశాఖి అని పిలిచే ఆ గాలివానలు ఎక్కువగా ఛోటానాగ్‌పూర్ పీఠభూమి వైపు పుట్టి, సాయంత్రానికి కోల్‌కతా దిక్కుగా కదులుతాయి. నేలకు దగ్గరగా బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, దానిపైన పడమటి నుంచి వచ్చే వేడి పొడిగాలి. ఏప్రిల్, మే నెలల్లో మబ్బుకు కావలసిన సరుకు అక్కడ దాదాపు రోజూ సిద్ధంగా ఉంటుంది. అయినా గాలివాన రోజూ రాదు. ఎందుకు రాదన్నదే ఆ పత్రం వేసుకున్న ప్రశ్న. కింద గాలులు ఒకచోటికి చేరితే చాలదు, అదే వేళకు ఎంతో ఎత్తున గాలులు నలుదిక్కులా విడిపోవాలి అన్నది దానికి దొరికిన జవాబు. కింద కూడిక, పైన విడివడిక. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడిన రోజే మబ్బు ఆకాశాన్ని తన్నుకుంటూ లేస్తుంది.

ఆ పైగాలుల్ని కొలవడానికి అప్పుడున్న సాధనాలు బెలూన్లు. వాటిని రోజుకు ఒకటి రెండుసార్లు వదిలేవారు. ఒక స్టేషన్‌కూ ఇంకో స్టేషన్‌కూ మధ్య వందల కిలోమీటర్ల దూరం. ఉరుముల మబ్బు మాత్రం గంటలో పుట్టి, రెండో గంటలో ఊళ్లను చితకబాది, మూడో గంటకు కరిగిపోగలదు. పొద్దున బెలూన్‌కీ సాయంత్రం బెలూన్‌కీ మధ్య ఒక గాలివాన జీవితమంతా గడిచిపోతుంది. పటాల మీద పెన్సిలు గీతలతో, అరకొర కొలతలతో పైన జరిగేదాన్ని ఊహించి, ఆ ఊహను నిలబెట్టడం ఆ తరం చేసిన పని. దాని కష్టం ఎంతటిదో ఇవాళ ఫోన్‌లో మబ్బుల బొమ్మ చూసే మనకు సులభంగా తట్టదు.

ఆ పత్రం వచ్చిన రెండేళ్లకే, 1960 ఏప్రిల్ 1న, అమెరికా టైరోస్-1ను ప్రయోగించింది. వాతావరణ ఉపగ్రహాల్లో విజయవంతంగా పనిచేసిన మొదటిది అదే. బతికింది 78 రోజులు, పంపింది 22,952 చిత్రాలు. వాటిలో మే 19 నాటి చిత్రం ఒకటి విచిత్రంగా కనిపించింది. అమెరికా దక్షిణ మైదానాల మీద, చుట్టుపక్కల మబ్బులతో కలవకుండా, దాదాపు చతురస్రంగా ఒక తెల్లటి మేఘం. అది టోర్నడోలను కన్న మేఘమని తర్వాత తేలింది. విట్నీ, ఫ్రిట్జ్ అనే ఇద్దరు 1961లో దాని మీద పత్రం రాశారు. ప్రమాదకరమైన గాలివాన పైనుంచి చూస్తే వేరుగా కనిపిస్తుందని, దాని రూపాన్ని గుర్తుపట్టడం నేర్చుకోవచ్చని తెలిసింది అప్పుడే.

కానీ టైరోస్ తిరుగుతూ పోయే ఉపగ్రహం. ఒక మబ్బును ఒకసారి చూసి వెళ్లిపోతుంది. ఆ మబ్బు అంతకుముందు ఎలా ఉందో, తర్వాత ఏమైందో దానికి తెలియదు. ఆ లోటు తీరింది 1966 డిసెంబరులో. ఏటీఎస్-1 అనే ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,800 కిలోమీటర్ల పైన, భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టుండే కక్ష్యలో చేరింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన వెర్నర్ సువోమీ, రాబర్ట్ పేరెంట్ రూపొందించిన కెమెరా అందులో ఉంది. ఉపగ్రహం తన చుట్టూ తాను తిరిగే ప్రతిసారీ భూమి మీద ఒక్కో గీత చొప్పున చదువుతూ, అరగంటలోపే భూగోళం ముఖమంతా చిత్రించేది. అలాంటి చిత్రాలను వరసగా పేర్చి సినిమాలా నడిపితే మబ్బులు కదిలాయి. షికాగోలో టెట్సుయా ఫుజిటా ఆ కదలికల నుంచి గాలుల వేగాన్ని లెక్కగట్టే పద్ధతులు తయారుచేశాడు. టోర్నడోల తీవ్రతను కొలిచే స్కేలుకు ఉన్న పేరు ఈయనదే. 1947లో, జపాన్‌లో యువ అధ్యాపకుడిగా ఉండగా, సెబురి కొండ మీది వాతావరణ కేంద్రం నమోదు చేసిన గాలి, పీడనం గీతలను పరిశీలించి, గాలివాన లోపల గాలి పైకి లేవడమే కాదు, కిందికి కూడా దూకుతుందని గుర్తించిన మనిషి. ఆ విషయం మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.

ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్న మాట ఒకటే. తీవ్రమైన గాలివాన విషయంలో ఉపగ్రహ చిత్రాల్లో అన్నిటికన్నా విలువైన సమాచారం మబ్బు మారే వేగంలో ఉంది. ఆ వేగాన్ని పట్టుకోవాలంటే ఎంత స్పష్టంగా చూస్తున్నాం అన్నదానికన్నా ఎంత తరచుగా చూస్తున్నాం అన్నది ముఖ్యం. మన దేశం ఈ రెండో విషయానికి ఇంకా తగిన బరువు ఇవ్వలేదు.

పరారుణ చిత్రం నిజానికి ఒక ఉష్ణోగ్రతల పటం. నేల, సముద్రం, మబ్బు ఏదైనా తన వేడిని బట్టి పరారుణ కిరణాలు వెలువరిస్తుంది. సుమారు 10.8 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర గాలి ఆ కిరణాలకు పెద్దగా అడ్డురాదు. అందుకని ఆ కిటికీలోంచి చూసిన ఉపగ్రహానికి దట్టమైన మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో తెలుస్తుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది కాబట్టి, చల్లదనం అంటే ఎత్తు. చిత్రం పగలూ రాత్రీ ఒకేలా వస్తుంది. మన ప్రాంతంలో ఏప్రిల్ మధ్యాహ్నం నేల ఉష్ణోగ్రత 40 డిగ్రులు దాటి ఉంటుంది. పైన నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల దగ్గర అది సున్నాకు దిగుతుంది. పదహారు పదిహేడు కిలోమీటర్ల ఎత్తున, మబ్బులకు పైకప్పులాంటి ట్రోపోపాజ్ అనే హద్దు దగ్గర, మైనస్ 80 డిగ్రుల ప్రాంతంలో ఉంటుంది. బాగా ఎదిగిన ఉరుముల మబ్బు తల ఆ చివరి అంకెను తాకుతుంది.

అయితే చల్లదనం ఒక్కటే చూసి ప్రమాదం అంచనా వేస్తే పప్పులో కాలేసినట్టే. ఉపగ్రహాలు ఇప్పటిదాకా కొలిచిన మేఘశిఖరాల్లో అత్యంత చల్లనిది 2018 డిసెంబరు 29న పసిఫిక్‌లో నౌరూ దగ్గర కనిపించింది: మైనస్ 111 డిగ్రులు. జులైలో బంగాళాఖాతం మీద మైనస్ 75, 80 డిగ్రుల మబ్బులు వందల కిలోమీటర్ల మేర పరుచుకుని, గంటల తరబడి నెమ్మదిగా కురిసి పోతాయి. మార్చిలో మహబూబ్‌నగర్ మీదో కర్నూలు మీదో అంతకన్నా చిన్నది, అంత చల్లనిది కూడా కాని మబ్బు ఒకటి లేచి, పావుగంటలో మామిడితోటను వడగళ్లతో నేలరాల్చగలదు. వర్షపాతాన్ని కొలిచేందుకు 1997లో వెళ్లిన ట్రిమ్ ఉపగ్రహం ఏళ్ల తరబడి సేకరించిన సమాచారం కూడా ఇదే చూపింది. వాన విస్తారంగా కురిసే చోట్లు వేరు, మబ్బులు మహోగ్రంగా లేచే చోట్లు వేరు.

మరి దేన్ని చూడాలి? తేడాను చూడాలి. ఒకే మబ్బు తల ఇప్పుడెంత చల్లగా ఉంది, పావుగంట క్రితం ఎంత చల్లగా ఉంది?

అమెరికాలోని కొలరాడోలో పనిచేసిన రాబర్ట్స్, రట్లెడ్జ్ 2003లో దీనికి అంకెలు కట్టారు. పసిమబ్బు శిఖరం పావుగంటలో ఎనిమిది డిగ్రులు, లేదా అంతకన్నా ఎక్కువ చల్లబడితే అది జోరుగా ఎదుగుతున్నట్టు. శిఖరం ఉష్ణోగ్రత సున్నా దాటి కిందికి దిగిన క్షణాన్ని ఉపగ్రహ చిత్రంలో పట్టుకుంటే, రాడార్‌లో బలమైన వాన ప్రతిధ్వని కనిపించడానికి సుమారు అరగంట ముందే ఆ మబ్బును వేలెత్తి చూపవచ్చు. రాడార్‌కు కనిపించాలంటే మబ్బులో నీటిబిందువులు, మంచు గుళికలు బాగా పెరగాలి. అవి పెరగక ముందే మబ్బు ఎత్తు పెరుగుతుంది. ఉపగ్రహం చూసేది ఆ తొలి దశను.

ఆ తర్వాతి దశ దాగలిది. ట్రోపోపాజ్‌ను తాకిన గాలి ఇక పైకి పోలేక పక్కలకు పరుచుకుంటుంది. మబ్బు తల కమ్మరి దాగలిలా చదునుగా విస్తరిస్తుంది. ఆ విస్తరణే కోటేశ్వరం గారు బెలూన్లతో వెతికిన పైగాలుల విడివడిక. 1958లో పటం మీద ఊహించాల్సి వచ్చినది ఇప్పుడు తెరమీద ఒక తెల్లని మచ్చ పెరుగుదలగా కనిపిస్తుంది. బ్రెజిల్ శాస్త్రవేత్త మచాడో, ఫ్రాన్స్‌కు చెందిన లారెంట్ 2004లో అమెజాన్ మీది మబ్బుల గుంపులను ఈ కోణంలోనే పరిశీలించారు. మబ్బు పుట్టిన తొలి దశలో దాని విస్తీర్ణం ఎంత వేగంగా పెరుగుతుందో కొలిస్తే, అది ఎంతసేపు బతుకుతుందో ముందే అంచనా వేయవచ్చని, ఆ వేగానికీ పైగాలుల విడివడికకూ నేరుగా సంబంధం ఉందని చూపారు. కోటేశ్వరం, శ్రీనివాసన్‌ల వాదనకు దాదాపు అర్ధశతాబ్దం తర్వాత, ఇంకో ఖండం మీద, ఆకాశం నుంచి దొరికిన బలమని దీన్ని భావించవచ్చు. ఆ పత్రంలో వీరి ప్రస్తావన ఉన్నా లేకున్నా ఆలోచన ఒకే దారిలో నడిచింది.

కంప్యూటరు ఈ పని చేసే తీరు సూత్రప్రాయంగా తేలికే. ఫలానా ఉష్ణోగ్రతకన్నా చల్లగా ఉన్న పిక్సెళ్లన్నీ కలిపి ఒక మబ్బుగా గుర్తిస్తుంది. చాలా పద్ధతుల్లో ఆ హద్దు మైనస్ 38 డిగ్రులు. తర్వాతి చిత్రంలో దానితో ఎక్కువ భాగం అతివ్యాపించిన మచ్చే అదే మబ్బు అనుకుంటుంది. రెండింటి మధ్య దూరం నుంచి గమనం, వైశాల్యాల తేడా నుంచి ఎదుగుదల, ఉష్ణోగ్రతల తేడా నుంచి లేచే వేగం వస్తాయి. రెండు మబ్బులు కలిసిపోయినప్పుడూ, ఒకటి రెండుగా చీలినప్పుడూ లెక్క చిక్కుపడుతుంది. చిత్రాల మధ్య వ్యవధి ఎక్కువైతే ఈ చిక్కు కూడా ఎక్కువవుతుంది: పావుగంటలో పక్క మబ్బు వచ్చి ఆ స్థానంలో నిలబడితే, కంప్యూటరు దాన్ని పాతదే అనుకుంటుంది.

దాగలి మీద కనిపించే గుర్తులు మరికొన్ని ఉన్నాయి. లోపలి గాలి మరీ ఉద్ధృతంగా లేస్తే, పొంగే పాలు గిన్నె అంచు దాటినట్టు, మబ్బు ట్రోపోపాజ్‌ను కూడా దాటి పైన బుడిపెలా ఉబుకుతుంది. దృశ్యకాంతి చిత్రంలో, సాయంత్రపు ఏటవాలు ఎండలో, ఆ బుడిపె నీడ దాగలి మీద పడి స్పష్టంగా తెలుస్తుంది. పరారుణంలో చుట్టూ ఉన్నదానికన్నా చల్లని చుక్కలా ఉంటుంది. దాని వ్యాసం పది పదిహేను కిలోమీటర్లకు మించడం అరుదు. నిమిషాల్లో లేచి నిమిషాల్లో కూలుతుంది. ఫుజిటా 1970లలో జెట్ విమానంలో మబ్బుల పైన ఎగిరి మరీ వీటిని పరిశీలించాడు. ఇలాంటి శిఖరాన్ని పైగాలి బలంగా ఢీకొన్నప్పుడు పరారుణ చిత్రంలో చల్లని భాగం ఇంగ్లిష్ ‘వి’ అక్షరంలా చీలి, దాని మధ్య వెచ్చని మచ్చ ఏర్పడుతుంది. 1983లో మెకాన్ ఈ ఆకారాన్ని తీవ్ర గాలివానకు గుర్తుగా నిర్ధారించాడు.

ఇంకో గుర్తు దాగలికి పైన, ట్రోపోపాజ్ అవతలి స్ట్రాటోస్ఫియర్ పొరలో, పొగలా సాగే పలుచటి మంచు తెర. చెక్ శాస్త్రవేత్త మార్టిన్ సెత్వాక్ వంటివారు ఏళ్ల తరబడి దీన్ని వెంటాడారు. 2018లో బెడ్కా, ఆయన సహచరులు అమెరికాలోని వందలాది గాలివానలను పరిశీలించి, ఈ తెర కనిపించే గాలివానలు భారీ వడగళ్లకూ టోర్నడోలకూ ఎక్కువగా కారణమవుతాయని, నేల మీద నష్టం నమోదు కావడానికి సగటున అరగంట ముందే తెర కనిపిస్తుందని తేల్చారు. కొలరాడోలో దొరికిన అరగంట ఒకటి, ఇక్కడ దొరికిన అరగంట ఇంకొకటి. రెండూ వేర్వేరు దశలకు చెందినవి, పద్ధతులూ వేరు. అయినా పొలంలో ఉన్న మనిషికి రెండింటి విలువా ఒక్కటే.

అమెరికా ఈ అవసరాన్ని గుర్తించి ఉపగ్రహాలను దానికి తగ్గట్టు మలచుకుంది. 2016 నవంబరులో వెళ్లిన గోస్-16లో పదహారు చానళ్ల కెమెరా ఉంది. భూముఖాన్నంతా పది నిమిషాలకు, అమెరికా నేలను ఐదు నిమిషాలకు, గాలివానలు లేచే చిన్న ప్రాంతాలను నిమిషానికోసారి, అవసరమైతే ముప్పై సెకన్లకోసారి చూసేది. జపాన్ హిమావరి-8 అంతకు రెండేళ్ల ముందే, 2014 అక్టోబరులో వెళ్లి, పది నిమిషాల యుగాన్ని ఆసియాకు తెచ్చింది. ఎంచుకున్న ప్రాంతాన్ని అది రెండున్నర నిమిషాలకోసారి చిత్రించగలదు.

మన కథ ఒడిదుడుకులతో మొదలైంది. 1982 ఏప్రిల్‌లో వెళ్లిన ఇన్సాట్-1ఏ కొన్ని నెలలకే మూగబోయింది. 1983 ఆగస్టులో చాలెంజర్ షటిల్ మోసుకెళ్లిన ఇన్సాట్-1బీ నిలబడింది. పరారుణంలో దాని ఒక్కో పిక్సెల్ పదకొండు కిలోమీటర్లు. తుపాన్లను వెంటాడటానికి అది గొప్ప ఆసరా. ఉరుముల మబ్బుకు చాలదు. 2002 సెప్టెంబరు 12న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మీద వెళ్లిన మెట్‌శాట్ కేవలం వాతావరణం కోసమే మనం కట్టుకున్న మొదటి ఉపగ్రహం. కొలంబియా షటిల్ దుర్ఘటన తర్వాత, 2003లో, దానికి కల్పన-1 అని పేరు పెట్టారు. 2013లో ఇన్సాట్-3డీ ఫ్రెంచ్ గయానా నుంచి వెళ్లింది. ఆ తర్వాతివి రెండూ మన శ్రీహరికోట నుంచే జీఎస్ఎల్‌వీ మీద వెళ్లాయి: 2016 సెప్టెంబరు 8న 3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న 3డీఎస్.

ఈ తరం ఇన్సాట్లలో ఆరు చానళ్ల కెమెరా ఉంటుంది. దృశ్యకాంతిలో పిక్సెల్ ఒక కిలోమీటరు, ఉష్ణోగ్రత చదివే పరారుణంలో నాలుగు, నీటి ఆవిరి చానల్‌లో ఎనిమిది. ఒక్కో ఉపగ్రహం అరగంటకో చిత్రం తీస్తుంది. రెండింటిని పావుగంట తేడాతో నడిపి, పావుగంటకో చిత్రం అందేలా మన శాస్త్రవేత్తలు ఏర్పాటు చేశారు. ఉన్న వనరులతో సాధించిన తెలివైన పని అది. తుపాను వేళల్లో చిన్న ప్రాంతాన్నే గబగబా పదేపదే చూసే వసతి కూడా 3డీఆర్‌కు ఉంది.

కానీ పావుగంట అంటే ఎంతో లెక్క వేసి చూడాలి. మబ్బు లోపల గాలి సెకనుకు పది మీటర్ల వేగంతో లేస్తోందనుకుందాం. ఉరుముల మబ్బుకు ఇది సామాన్యమైన వేగం. ఉద్ధృతమైన వాటిలో దీనికి మూడింతలు ఉంటుంది. పది మీటర్లంటే నిమిషానికి ఆరు వందల మీటర్లు. పావుగంటలో తొమ్మిది కిలోమీటర్లు. మొదటి చిత్రంలో ఐదు కిలోమీటర్ల ఎత్తున, ఏ ప్రత్యేకతా లేకుండా కనిపించిన మబ్బు రెండో చిత్రం వచ్చేసరికి పద్నాలుగు కిలోమీటర్లకు చేరి, ఉరుములు మొదలుపెట్టి ఉండవచ్చు. చిత్రం తీయడానికి, నేలకు పంపడానికి, పటంగా మార్చడానికి పట్టే సమయం దీనికి అదనం. కొలరాడో పరిశోధన చూపిన అరగంటలో సగానికి పైగా మన చేతుల్లోంచి ఇలా జారిపోతోంది. తదుపరి ఉపగ్రహాల్లో చిత్రం మరింత స్పష్టంగా ఉండాలా, మరింత తరచుగా రావాలా అన్న ప్రశ్న వస్తే, గాలివానల విషయంలో జవాబు రెండోదే అని ఈ ఉపన్యాసం గట్టిగా చెబుతుంది.

తెలుగు నేల మీద వేసవి గాలివానలు ఎలా పుడతాయో వాతావరణ బులెటిన్లు వినేవారికి కొత్త కాదు. విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా ద్రోణి, అంటే తక్కువ పీడనం ఉన్న పొడవాటి పట్టీ, సాగుతుంది. ద్రోణికి తూర్పున బంగాళాఖాతం తేమగాలి, పడమట దక్కను పీఠభూమి వేడిగాలి. బెంగాల్‌లో ఉన్న సరుకే ఇక్కడా ఉంది. మధ్యాహ్నం దృశ్యకాంతి చిత్రంలో ద్రోణి పొడవునా చిన్న చిన్న దూదిమబ్బులు వరస కడతాయి. వాటిలో చాలావరకు అలాగే చెదిరిపోతాయి. ఏది లేస్తుందో మూడు గంటల చిత్రం చెప్పలేదు. మూడుకూ మూడుంబావుకూ మధ్య తేడా చెబుతుంది.

ఒక మబ్బు కురిసిన తర్వాత జరిగేది కూడా చిత్రంలో చదవవచ్చు. వానకు ముందు ఒక్కసారిగా తగిలే చల్లటి ఈదురుగాలి మన పల్లెల్లో ఎరగనివారు లేరు. అది సెబురి కొండ లెక్కల్లో ఫుజిటా గుర్తించిన, మబ్బులోంచి కిందికి దూకే గాలే. నేలను తాకి అది చుట్టూ పరుచుకుంటుంది. దాని అంచున వేడిగాలి పైకి నెట్టబడి, విల్లులా వంగిన సన్నటి మబ్బుగీత ఏర్పడుతుంది. 1970లలో జేమ్స్ పర్డమ్ భూస్థిర ఉపగ్రహ చిత్రాల్లో ఈ విల్లులను వెంటాడి, రెండు విల్లులు ఢీకొన్న చోట కొత్త ఉరుముల మబ్బు లేచే అవకాశం ఎక్కువని చూపాడు. ఒక జిల్లాలో సాయంత్రం నాలుగింటికి కురిసిన వాన పక్క జిల్లాలో ఆరింటికి వచ్చే గాలివానకు పునాది వేస్తుంది. వానచుక్క కనబడని పొడి ప్రాంతాల్లో ఈ దూకుడుగాలి మరీ ప్రమాదం. 2018 మే 2 రాత్రి ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో వందమందికి పైగా ప్రాణాలు తీసిన దుమ్ముతుపాను వెనక ఉన్నదీ ఇలాంటి గాలే. గోడలు, చెట్లు కూలి ఎక్కువమంది చనిపోయారు.

ఉపగ్రహానికి ఉన్న హద్దులు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. దాగలి ఒకసారి పరుచుకున్నాక దాని కింద ఏ మబ్బు ఎక్కడ కొత్తగా లేస్తోందో పైనుంచి కనిపించదు. వడగళ్ల పరిమాణం తెలియదు. చోటు కూడా కొంచెం తప్పుతుంది. ఉపగ్రహం భూమధ్యరేఖ మీద ఉండి ఏటవాలుగా చూస్తుంది కాబట్టి, హైదరాబాద్ మీద పదిహేను కిలోమీటర్ల ఎత్తున్న శిఖరం దాని అసలు స్థానానికి ఐదారు కిలోమీటర్లు ఉత్తరాన ఉన్నట్టు చిత్రంలో పడుతుంది. మండలం పేరుతో హెచ్చరిక ఇవ్వాల్సినప్పుడు ఐదారు కిలోమీటర్లు చిన్న తేడా కాదు. దాన్ని సవరించే లెక్క ఉంది, వాడాలి అంతే. మబ్బు లోపలి సంగతి తెలియాలంటే రాడార్ కావాలి. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నం, శ్రీహరికోటల్లోని డాప్లర్ రాడార్లు ఆ పని చేస్తాయి. అయినా భూమి వంపు వల్ల రాడార్ కిరణం దూరం వెళ్లేకొద్దీ నేల నుంచి పైకి లేచిపోతుంది. కాబట్టి మొదట ఉపగ్రహం, తర్వాత రాడార్. ఒకటి రెండోదానికి బదులు కాదు.

మూడోది మెరుపు. ఉరుముల మబ్బులో మంచు గుళికలు, మంచు స్ఫటికాలు ఒరుసుకుని విద్యుదావేశం పుడుతుంది. లోపలి గాలి ఎంత ఉద్ధృతమైతే మెరుపులు అంత దట్టం. మెరుపుల సంఖ్య ఒక్కసారిగా ఎగబాకితే, కాసేపట్లో వడగళ్లో విధ్వంసక గాలులో రానున్నాయని అర్థం. గోస్-16లోని మెరుపు కెమెరా 777.4 నానోమీటర్ల దగ్గర సెకనుకు సుమారు 500 చిత్రాలు తీస్తూ, మబ్బు పైభాగం మీద మెరుపు వెలుగును పగటిపూట కూడా పట్టుకునేది. టెక్సస్ నుంచి కాన్సస్ సిటీ దగ్గరిదాకా 829 కిలోమీటర్లు సాగిన, 2017 అక్టోబరు 22 నాటి మెరుపును గుర్తించింది ఈ కెమెరానే. యూరప్ 2022 డిసెంబరులో పంపిన కొత్త తరం మెటియోశాట్‌లోనూ, చైనా ఫెంగ్‌యున్-4ఏలోనూ ఇలాంటివి ఉన్నాయి. మన ఇన్సాట్లలో లేవు. నేల మీది సెన్సర్లతోనే మనం పిడుగులను లెక్కపెడుతున్నాం.

ఆ లెక్క ఎంత పెద్దదో 2018 ఏప్రిల్ 24న తెలిసింది. ఆ రోజు పదమూడు గంటల్లో ఆంధ్రప్రదేశ్‌లో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ప్రకటించింది. ప్రాణనష్టం కూడా జరిగింది. పిడుగుపాటుకు దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చూపుతున్నాయి. వీళ్లలో ఎక్కువమంది పొలం కూలీలు, రైతులు, మేకలు గొర్రెలు తోలుకెళ్లినవాళ్లు, వాన రాగానే చెట్టు కిందికి చేరినవాళ్లు. పైకప్పున్న పక్కా ఇంట్లో ఉన్నవాళ్లు దాదాపుగా ఈ జాబితాలో ఉండరు. అంటే అరగంట ముందు కబురు అంది, నడిచి వెళ్లేంత దూరంలో పక్కా గోడలు ఉంటే తప్పే చావులివి. ఇందులో విధి ఏమీ లేదు.

వాతావరణ శాఖ మూడేసి గంటలకు జిల్లాలవారీగా తక్షణ హెచ్చరికలు ఇస్తోంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ చుట్టుపక్కల పడే పిడుగుల గురించి చెబుతుంది. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో ఫోన్లకు సందేశాలు పంపుతుంది, టీవీలు వాటిని చదువుతాయి. ఇవన్నీ ఇరవై ఏళ్ల క్రితం లేనివి. కానీ మిర్చి కల్లంలోనో మొక్కజొన్న కోతలోనో ఉన్న మనిషి ఫోన్ ఎక్కువసార్లు గట్టు మీద సద్ది సంచిలో ఉంటుంది. జిల్లా మొత్తానికి, మూడు గంటలకు ఇచ్చిన హెచ్చరిక విని కూలి మానుకుని ఇంటికి వెళ్లమంటే ఎవరూ వెళ్లరు, వెళ్లలేరు. ఆ పూట కూలి పోతుంది. ఫలానా మండలంలో నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా అని చెబితే, ఆ గంటసేపు గట్టు దాటి బడిలోకో పంచాయతీ భవనంలోకో వెళ్లి కూర్చుంటారు. హెచ్చరికను ఇంత సన్నగా కోయాలంటే పావుగంట చిత్రాలు చాలవు.

అందుకే చేయాల్సిన పనుల గురించి ఈ వేదిక మీద స్పష్టంగా చెప్పడం అవసరం. మార్చి నుంచి జూన్ దాకా, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, తుపాను ఉన్నా లేకున్నా, 3డీఆర్‌కు ఉన్న వేగ స్కాన్ వసతిని ద్రోణి మీదికి తిప్పే వీలు ఎంతవరకు ఉందో పరిశీలించాలి. తర్వాతి తరం ఇన్సాట్‌లో ఐదు నిమిషాలకు మించని చిత్రాలు, ఒక మెరుపు కెమెరా ఉండాలి. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో మబ్బుల లోపలి గాలులను నిట్టనిలువునా కొలిచే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. ఉపగ్రహం మబ్బుతలలో చూసే మార్పు రాయలసీమ మబ్బుల లోపల నిజంగా ఎంత గాలివేగానికి సమానమో అక్కడి కొలతలతో సరిచూడవచ్చు. కొలరాడోలో దొరికిన పావుగంటకు ఎనిమిది డిగ్రుల హద్దు మన తేమగాలికి అలాగే సరిపోతుందని అనుకోవడానికి లేదు. మన హద్దును మనం కట్టుకోవాలి. విశ్వవిద్యాలయ విద్యార్థులు చేయదగ్గ పని ఇది: ఇన్సాట్ చిత్రాలు అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం వారి మోస్‌డాక్ నుంచి తీసుకోవచ్చు, పిడుగుల వివరాలు అడిగి సంపాదించవచ్చు, వడగళ్లు ఎక్కడ ఎప్పుడు పడ్డాయో మండల వ్యవసాయాధికారుల నష్టం నివేదికల్లో ఉంటుంది. ఒక్క వేసవిలో, ఒక్క జిల్లాలో, వడగళ్లు కురిసిన ప్రతి మబ్బునూ వెనక్కి తిప్పి చూసి, కురవడానికి ముందు గంటలో దాని తల ఎంత చల్లబడింది, దాగలి ఎంత విస్తరించింది, మెరుపులు ఎప్పుడు ఎగబాకాయి అని పట్టిక రాస్తే, ద్రోణి మబ్బుల గురించి తెలుగు జిల్లాల కొలతలతోనే మాట్లాడవచ్చు. బెంగాల్ మీద 1958లో ఇద్దరు శాస్త్రవేత్తలు బెలూన్లతో మొదలుపెట్టిన ఆ పనికి కావలసిన చిత్రాలు ఇప్పుడు పావుగంటకొకటి చొప్పున పోగవుతూనే ఉన్నాయి.